ఊరికి కబురు చెప్పిందెవరు?

2020 మార్చిలో కోవిడ్ అనంతపురం జిల్లాలో అడుగుపెట్టేనాటికి ఇక్కడ ఏ పల్లెలోనూ సర్పంచి లేరు. పంచాయతీల గడువు 2018 ఆగస్టుకే ముగిసిపోయింది. మండల, జిల్లా పరిషత్తుల గడువు 2019లో తీరిపోయింది, పట్టణాల పరిస్థితీ అంతే. ఎక్కడ చూసినా ప్రత్యేకాధికారులే. స్థానిక ఎన్నికలు ముంగిట్లోకి వచ్చి నామినేషన్లు కూడా పడ్డాక, మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ వాటిని ఆరు వారాలు వాయిదా వేశారు. ఆ ఆరు వారాలు నెలల మీద నెలలయ్యాయి. ఆయనను తొలగించిన ఏప్రిల్ ఆర్డినెన్సు, దాన్ని కొట్టేసిన మే 29 నాటి హైకోర్టు తీర్పు, ఆయన తిరిగి కుర్చీలో కూర్చోవడం, ఇవన్నీ రోజూ మొదటి పేజీ వార్తలే. పంచాయతీ పోలింగ్ జరిగింది 2021 ఫిబ్రవరిలో, నాలుగు విడతలుగా. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఓట్లు ఏప్రిల్ 8న వేసినా, లెక్కించింది సెప్టెంబరు 19న. అంటే మొదటి ఉధృతి మొత్తం, మనం ఓటేసి కూర్చోబెట్టిన మనిషి ఊళ్లో ఒక్కరూ లేకుండానే గడిచింది.

కోవిడ్ నాటి ఆ రెండేళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆసుపత్రులు, ఆక్సిజన్, టీకాల గురించి చాలా రాశారు. కబురు గురించి తక్కువ రాశారు. ఏ వీధి మూసేశారు, ఎప్పుడు తెరుస్తారు, పరీక్ష ఫలితం ఎవరినడగాలి, బెంగళూరు నుంచి కొడుకు వస్తే ఇంట్లోకి రానివ్వొచ్చా, ఊళ్లో ఎంతమందికి సోకింది? స్థానిక ప్రభుత్వం ఇచ్చే సమాచారమంటే పల్లెవాసికి ఇవే. వీటికి జవాబు ఎవరు చెప్పారు, ఎంత వేళకు చెప్పారు, ఎంత నిజం చెప్పారన్న కొలతతో అనంతపురం అనుభవాన్ని ఇప్పటికైనా చూడాలి. నా నిర్ణయం ముందే చెబుతాను. లెక్క కిందినుంచి పైకి బాగానే వెళ్లింది. ఉత్తర్వు పైనుంచి కిందికి బాగానే దిగింది. ఊరి ప్రశ్నకు ఊళ్లో నిలబడి జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేకపోయింది.

అప్పటికి జిల్లా ఇంకా విడిపోలేదు. 63 మండలాలు, 19 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, 2011 లెక్కల ప్రకారం 40 లక్షలకు పైగా జనం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన కురిసే ఈ పీఠభూమిలో వేరుశనగ చేతికందకపోతే ఇంటికొకరు బెంగళూరు బస్సెక్కడం తరతరాల అలవాటు. కాబట్టి మన దగ్గరికి జబ్బు ఎటునుంచి వస్తుందో ఎవరూ ఊహించనక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి, కొడికొండ చెక్‌పోస్టు, హిందూపురం రైలు మార్గం. హిందూపురానికి ఆనుకొని అవతల ఉన్న గౌరీబిదనూరు అప్పటికే కేసులతో అట్టుడుకుతోంది. పావగడ తాలూకా కర్ణాటకదే అయినా దాదాపు మన మండలాల మధ్యలోనే ఉంటుంది. సరిహద్దు పల్లెలకు కబురు రెండు రాష్ట్రాల నుంచి, రెండు భాషల్లో, రెండు రకాల నిబంధనలతో వచ్చేది. అవతలి ఊళ్లో పొలం, ఇవతలి ఊళ్లో ఇల్లు ఉన్న రైతుకు ఏ ఉత్తర్వు వర్తిస్తుందో చెప్పేవారు చెక్‌పోస్టు దగ్గరి కానిస్టేబులే. ఆయనకు తెలిసింది అంతకుముందు రాత్రి వచ్చిన ఆదేశం మాత్రమే.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన మొదటి వారంలో పల్లెలు తమంతట తాము చేసిన పని ఒకటుంది. ఊరి బాటకు అడ్డంగా కంప కొట్టి పడేశారు. చెరువు కట్ట కింద పెరిగిన ముళ్లకంపను కొడవళ్లతో నరికి, కర్రతో తోసుకుంటూ తెచ్చి, రెండు బండరాళ్ల మధ్య గుట్టగా వేసి, పక్కన ఇద్దరు కుర్రాళ్లు మంచం వేసుకుని కూర్చున్నారు. ఒక అట్టముక్క మీద బొగ్గుతోనో పెయింటుతోనో 'బయటివారికి ప్రవేశం లేదు' అని రాశారు. పాలవాడిని రానిచ్చారు, కూరగాయల ఆటోను ఆపారు, పురిటి నొప్పులు వచ్చినామెను తీసుకెళ్లే బండి కోసం మళ్లీ కంప లాగారు. దీన్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. భయంతో చేసిన పనే, కాదనను. కానీ ఊరంతా కలిసి తీసుకున్న నిర్ణయం అదొక్కటే. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలన్నది ఆ మంచం మీదే తేల్చారు. ఆ చర్చ జరగాల్సిన చోటు గ్రామసభ. ఏటా గ్రామసభ పెట్టే రోజుల్లో ఏప్రిల్ 14 ఒకటి. ఆ ఏడు అదే రోజున ప్రధాని లాక్‌డౌన్‌ను మే 3 వరకు పొడిగించారు.

అంటురోగం వచ్చినప్పుడు ఊరికి కబురు చేర్చే పద్ధతి ఈ సీమకు కొత్త కాదు. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది రైలు మార్గం వెంటే. 2020లో రాష్ట్రాలు వాడిన అంటువ్యాధుల చట్టం బొంబాయి ప్లేగు నాటి 1897 చట్టమే. తెల్లదొరల కాలంలో పై ఆజ్ఞ రెడ్డి, కరణాల చేతికొచ్చేది, తలారి తప్పెట కొట్టి చాటేవాడు. చాటింపు పని వినిపించడంతో అయిపోయేది. ఎదురు ప్రశ్న అడిగే వీలు అందులో లేదు. 73వ రాజ్యాంగ సవరణ ఆ తీరును మార్చాలని వచ్చింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ అంశం అక్కరకొచ్చిన ఏడాదే పంచాయతీ కుర్చీ ఖాళీగా ఉంది.

ఖాళీని నింపింది వలంటీరు. 2019 ఆగస్టు 15న మొదలైన వ్యవస్థ అది. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5 వేల గౌరవ వేతనం. అదే ఏడాది అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తంమీద రెండున్నర లక్షల పైచిలుకు వలంటీర్లు. ఇంతటి యంత్రాంగం కోవిడ్‌కు కొద్ది నెలల ముందే చేతికి రావడం మన అదృష్టం, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. విదేశాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారి జాబితా రోజుల్లో తయారైంది. వలంటీరు, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం కలిసి ఇంటింటి సర్వే ఒకటి తరువాత ఒకటి చేశారు. జ్వరముందా, దగ్గుందా, ఊపిరి ఆడుతోందా అని గడప బయట నిలబడి అడిగి ఫోనులో నమోదు చేసుకున్నారు. ఏప్రిల్ 4న రేషన్ కార్డున్న ప్రతి కుటుంబానికీ వెయ్యి రూపాయలు చేతికందాయి. ఒకటో తారీఖు పింఛను ఆగలేదు. ముసలివాళ్లు మండల కేంద్రానికి నడిచి వరుసలో నిలబడాల్సిన అవసరం తప్పింది. ప్రాణాలు కాపాడిన పనులివి.

అయినా వలంటీరు ఎవరికి జవాబుదారీ? సచివాలయానికి, అక్కడి నుంచి ఎంపీడీవోకు, కలెక్టరుకు. ఆ ఇరవయ్యేళ్ల అమ్మాయి చేతిలోని ఫోనులో నింపాల్సిన గడులున్నాయి, చెప్పాల్సిన జవాబులు లేవు. 'అక్కా, మా వీధిలో ఆ పెద్దాయన రిపోర్టు ఏమొచ్చింది?' అని అడిగితే చెప్పే అధికారం ఆమెకు లేదు, చాలాసార్లు ఆమెకే తెలియదు. తెలిసినా చెప్పకూడదన్న రోగి గోప్యత ఒకటుంది, అది న్యాయమే. పేరు చెప్పకుండా ఊరికి అంకె చెప్పొచ్చు కదా? ఆ అంకె కూడా ఊరికి రాలేదు.

రాష్ట్ర ఆరోగ్య శాఖ బులెటిన్ తొలినాళ్లలో రోజుకు రెండుసార్లు వచ్చేది. అందులో జిల్లాలవారీ పట్టిక. అనంతపురం ఎదురుగా ఒక అంకె. ఏ మండలం, ఏ ఊరు అన్నది అందులో ఉండదు. చిలమత్తూరుకూ గుంతకల్లుకూ మధ్య నూరు కిలోమీటర్లు దాటిన దూరం. ఈ కొసన ఉన్న రైతుకు ఆ కొసన వచ్చిన కేసులు కూడా తన లెక్కలోనే కలిసి కనబడతాయి. మండలాల వివరాలు జిల్లా ఎడిషన్ల విలేకరులు తహసీల్దారునో డాక్టరునో అడిగి రాసినవే. ఆ విలేకరుల పని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మే 1న కేంద్ర ఆరోగ్య శాఖ దేశాన్ని రంగులు వేసి విడదీసినప్పుడు కర్నూలు, గుంటూరు, కృష్ణా, చిత్తూరు, నెల్లూరు ఎరుపులో, అనంతపురం నారింజలో పడ్డాయి. జిల్లా నారింజ. హిందూపురం పట్టణంలో మాత్రం వీధులకు బారికేడ్లు కట్టి రెడ్‌జోన్ బోర్డులు పెట్టారు. ఢిల్లీ చెప్పిన రంగు ఒకటి, గుమ్మం ముందున్న రంగు ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి ఊరికి విడమరచి చెప్పడమే స్థానిక సంస్థ పని.

చెప్పేవారు లేని చోట పుకారు నిండుతుంది. మార్చి చివర్లో హిందూపురం, లేపాక్షి ప్రాంతంలో తొలి కేసులు బయటపడ్డాయి. మక్కా యాత్ర, ఆపై ఢిల్లీలో జరిగిన మత సమావేశం పేర్లు వార్తల్లోకి ఎక్కగానే వాట్సాప్‌లో జాబితాలు తిరిగాయి. ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉండే ఆ పట్టణంలో పండ్ల బండివాడిని కొనొద్దన్నారు, బాడుగ ఇంటివాళ్లను అనుమానంగా చూశారు. అలాంటప్పుడు వార్డు కౌన్సిలర్ ఉంటే, ఆ వీధిలో ఓటడిగి గెలిచిన మనిషి గనుక, 'నేను కనుక్కున్నాను, విషయం ఇదీ' అని చెప్పడానికి ఒక గొంతు ఉండేది. కౌన్సిల్ లేదు. ఉన్న కమిషనర్, తహసీల్దారు, సీఐ పగలంతా కట్టడి పనిలోనే మునిగారు. వాళ్లను తప్పుపట్టలేం. అధికారి మాట ఆజ్ఞలా వినబడుతుంది, పొరుగువాడి మాట నమ్మకంగా వినబడుతుంది. ఆ రోజుల్లో హిందూపురానికి కావాల్సింది రెండోది.

పుట్టపర్తి సంగతి వేరు. చిత్రావతి ఒడ్డున గుట్టల నడుమ ఉన్న ఈ ఊరు బతికేది బయటి నుంచి వచ్చే మనుషుల మీద. ప్రశాంతి నిలయానికి వచ్చే దేశవిదేశాల భక్తులే లాడ్జీలకు, హోటళ్లకు, ఆటోలకు, పూల అంగళ్లకు ఆధారం. మార్చిలో ఆశ్రమం సందర్శకులకు తలుపులు మూసింది. ఊరికి దాంతో ఆరోగ్యపరంగా మేలే జరిగింది. బతుకుతెరువు మాత్రం ఒక్క దెబ్బకు పోయింది. కొండ మీది విడిది ఊళ్లకైనా, పుణ్యక్షేత్రాలకైనా ఇదే ఇరకాటం. వచ్చేవాళ్లే అన్నం పెడతారు, వచ్చేవాళ్లతోనే రోగం వస్తుంది. ఆ ఇరకాటంలో నిజం దాచిన ఊరు ఏమవుతుందో ఆస్ట్రియాలోని ఇష్గల్ చూపించింది. టైరోల్ కొండల్లో మంచు మీద జారే ఆటలకు పేరున్న విడిది అది. అక్కడి నుంచి తిరిగొచ్చినవారికి సోకిందని ఐస్‌లాండ్ 2020 మార్చి 5నే హెచ్చరించింది. స్థానిక అధికారులు మాత్రం అక్కడ అంటుకునే అవకాశం తక్కువేనని ప్రకటన ఇచ్చారు. మార్చి 13న ఛాన్సలర్ ఇష్గల్ ఉన్న లోయను మూసేస్తున్నట్టు ఉన్నట్టుండి ప్రకటించగానే వేలమంది పర్యాటకులు హడావుడిగా కార్లెక్కి యూరప్ నలుమూలలకు చెదిరిపోయారు. దీన్ని విచారించి ఆ ఏడాది అక్టోబరులో రొనాల్డ్ రోరర్ కమిషన్ ఇచ్చిన నివేదిక అధికారుల తప్పుడు అంచనాలను వేలెత్తి చూపింది. పుట్టపర్తి అలాంటి ప్రమాదం పాలు కాలేదు, వేళకు మూసుకుంది. తెరిచేటప్పుడు ఏ షరతులతో తెరవాలన్న చర్చలో లాడ్జీ కుర్రాడికీ ఆటోవాడికీ చోటు ఉండాల్సింది. ఆ చోటు కల్పించే పాలకవర్గం అక్కడా లేదు.

మంచి ఉదాహరణలు కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది విత్తన కాయల పంపిణీ. ఏటా మే, జూన్ నెలల్లో సబ్సిడీ వేరుశనగ కోసం మండల కేంద్రాల్లో తెల్లవారుజాము నుంచి రైతులు వరుసకట్టడం, చెప్పులు క్యూలో పెట్టడం, ఎండకు సొమ్మసిల్లడం అనంతపురానికి తెలిసిన దృశ్యం. 2020లో గుంపు కూడకూడదు గనుక పంపిణీని ఊళ్లకే తెచ్చారు. సచివాలయంలో పేరు రాయించుకోవడం, టోకెన్ తీసుకోవడం, చెప్పిన రోజున కాయలు తెచ్చుకోవడం. మే 30న రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాక ఆ పని వాటికి చేరింది. ఇక్కడ సమాచారం పనిచేసింది. ఎందుకంటే రైతుకు కావాల్సింది తేదీ, బస్తాల సంఖ్య, కట్టాల్సిన డబ్బు. ఆ మూడూ గోడ మీద కనబడ్డాయి. జవాబు తెలిసిన ఉద్యోగి ఊళ్లోనే కూర్చున్నాడు. రోగం విషయంలో ఊరు అడిగినదీ ఇంతకు మించి ఏమీ కాదు.

పండ్ల రైతుల కథ మొదట చేదుగానే నడిచింది. లాక్‌డౌన్‌లో చీనీ, అరటి, కర్బూజ, కళింగర తోటల్లోనే మగ్గాయి. రవాణాకు అనుమతి ఉందని ప్రభుత్వం అనేది, దారిలో లారీని ఆపేవారు. సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి బయల్దేరిన కిసాన్ రైలు దక్షిణ భారతంలోనే మొదటిది. టమోటా, అరటి, చీనీ మూడు వందల టన్నులకు పైగా ఎక్కించుకుని వెళ్లింది. రైలు ఎప్పుడు, కిరాయి ఎంత, బోగీలో చోటుకు ఎవరిని కలవాలన్న కబురు తోట దగ్గరికి చేర్చినది ఉద్యాన శాఖ సిబ్బంది, రైతు సంఘాలు. ఆ సమన్వయంలో అప్పటి కలెక్టర్ గంధం చంద్రుడి పాత్రను చెప్పకుండా ఉండలేం.

వైద్యం వైపు చూస్తే, రాష్ట్రంలో మొట్టమొదట పరీక్షలు మొదలైన కొద్ది ల్యాబుల్లో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాలది ఒకటి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) తన బత్తలపల్లి ఆసుపత్రిని కోవిడ్‌కు అప్పగించింది. అర్ధ శతాబ్దంగా పల్లె పల్లెనా మనుషులున్న సంస్థ గనుక, సంఘాల మహిళల ద్వారా దాని కబురు ఇంట్లోకి నేరుగా వెళ్లింది. దాని మాటకు ఉన్న బరువు ఆ పరిచయం నుంచి వచ్చిందే.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా చాలకపోయాయి. మన జిల్లావాసి పెద్ద జబ్బు చేస్తే పోయేది బెంగళూరుకు. ఆ బెంగళూరే పడకలు లేక తల్లడిల్లుతోంది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పడక కావాలంటే 104కు ఫోను. ఖాళీల వివరాలు వెబ్‌సైటులో ఉండేవి. అందులో ఖాళీ అని కనబడిన మంచం, తండ్రిని ఆటోలో పడుకోబెట్టుకుని ఎనభై కిలోమీటర్లు వచ్చేలోపు నిండిపోయేది. ఆక్సిజన్ ఎంత ఉంది, ఎప్పటిదాకా వస్తుందని గేటు దగ్గర అడిగితే చెప్పే మనిషి ఉండేవాడు కాదు. తెలియకపోవడం నేరం కాదు. 'పడక లేదు, ఫలానా చోట ఉంది, అటు వెళ్లండి' అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ దారి ఖర్చూ ఆ గంటలూ మిగిలేవి. జూన్‌లో తాడిపత్రి దగ్గర అర్జాస్ స్టీల్ పక్కనే, ఫ్యాక్టరీ ఆక్సిజన్‌ను నేరుగా వాడుకునేలా 500 పడకల తాత్కాలిక ఆసుపత్రి సిద్ధమైంది. వేగం మెచ్చదగింది, ఆలోచన ఇంకా మెచ్చదగింది. అప్పటికి ఉధృతి దిగుముఖం పట్టింది.

సర్పంచులు వచ్చింది ఈ రెండో ఉధృతికి కొద్దిగా ముందే. పదవిలో కొత్త, చేతిలో నిధులు తక్కువ, పక్కనే సచివాలయం వేరే దారిలో నడుస్తోంది. బ్లీచింగ్ చల్లించడం, మైకు ఆటో తిప్పించడం, టీకా శిబిరానికి జనాన్ని తోలుకురావడం వరకు చేశారు. టీకా విషయంలోనూ కబురు భాష దగ్గరే చిక్కుపడింది. టీకాకు పేరు నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్‌లో తెలుగు కనబడింది 2021 జూన్‌లో. అప్పటివరకు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు స్లాటు కోసం ఇంగ్లీషు తెరతోనే కుస్తీ పట్టారు. పల్లెల్లో టీకా ముందుకు సాగింది ఏఎన్‌ఎం ఇంటికొచ్చి పేరు రాసుకుపోయిన తరువాతే.

ఇదే దేశంలో మరోలా చేసిన రాష్ట్రాలున్నాయి. ఒడిశాలో నవీన్ పట్నాయక్ 2020 ఏప్రిల్ 19న సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చారు. తిరిగొచ్చే వలస కూలీల పేర్లు నమోదు, పద్నాలుగు రోజుల క్వారంటైన్ వాళ్ల చేతికి వచ్చాయి. కేరళలో ముఖ్యమంత్రి సాయంత్రం విలేకరుల ముందు కూర్చుని ప్రశ్నలు తీసుకునేవారు; కింద వార్డు సభ్యులు సామూహిక వంటశాలలు నడిపారు, ఇళ్లకు ఫోన్లు చేశారు. అక్కడా లోపాలున్నాయి, కేసులు పెరిగాయి. మనకు అప్పట్లో పెద్ద వలంటీరు దళం ఉండేది. వాళ్లకున్నది ఊరు నిలదీయగల మనిషి.

అధికారిక లెక్క ప్రకారం జిల్లాలో కేసులు లక్షన్నర దాటాయి, మరణాలు వెయ్యి దాటాయి. ఈ రెండో అంకెను రాష్ట్రమంతటా కుటుంబాలే ప్రశ్నించాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో 50 వేల పరిహారానికి దరఖాస్తులు పిలిస్తే, బులెటిన్ చెప్పిన మరణాలకు రెండింతలకు మించి వచ్చాయి. చెల్లింపుల జాప్యంపై 2022 జనవరిలో కోర్టు రాష్ట్ర ప్రధాన కార్యదర్శినే పిలిపించింది. ఏ ఊళ్లో ఎవరు, ఎందుకు చనిపోయారో ఆ ఊరికి తెలుసు. పంచాయతీలో జనన మరణాల పుస్తకం ఉంది. నెలనెలా ఊరి ముందు చదివి ఉంటే, విధవరాలు చేతిలో కాగితం లేక కచేరీల చుట్టూ తిరిగే పరిస్థితి చాలామందికి తప్పేది.

ఇప్పుడు 2020 నాటి ఏర్పాటు కూడా మిగల్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. వలంటీర్లు ఆగిపోయారు, 2024 జూలై 1 నుంచి పింఛను సచివాలయ ఉద్యోగులే ఇస్తున్నారు. 2021లో గెలిచిన పంచాయతీల ఐదేళ్ల గడువు 2026తో తీరుతుంది. గడువు తీరిన వెంటనే ఎన్నిక జరిపి తీరాలన్నది మొదటి మాట. ప్రత్యేకాధికారి చేతిలో ఊరిని మళ్లీ రెండున్నరేళ్లు వదిలేస్తే, వచ్చే అంటురోగమో వచ్చే కరవో 2020 లాగే ఊరిని నోరులేనిదాన్ని చేస్తుంది. రెండోది, జిల్లా బులెటిన్‌లోని అంకెను మండలానికి, పంచాయతీకి విడగొట్టి సచివాలయం గోడ మీద రోజూ రాయాలి. పేర్లు వద్దు, అంకె చాలు. దగ్గరి ఆసుపత్రిలో పడకలు, పరీక్ష ఫలితం వచ్చే రోజు, ఆ రోజుకు అమలులో ఉన్న నిబంధన, అడిగితే చెప్పాల్సిన ఉద్యోగి ఫోను నంబరు కూడా అక్కడే ఉండాలి. సరిహద్దు మండలాల్లో ఆ బోర్డు మీద కన్నడ కూడా ఉండాలి. వారానికొకసారి సర్పంచి, ఏఎన్‌ఎం, పంచాయతీ కార్యదర్శి ఆ బోర్డు ముందు గంటసేపు నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలి. విత్తన కాయల టోకెన్లకు ఇదంతా చేసి చూపించిన జిల్లాకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు.